సగం మనిషి, సగం ట్రాక్టరు

ఆ రోజుల్లో మా వైపు ఉద్యోగమంటే మేష్ట్రు, బస్సు కండక్టరు, లేదంటే బెంగళూరులో కంప్యూటరు. వీటిలో ఏదీ కానివాడు ఏదో దాస్తున్నాడని లెక్క. నేనేమో బెంగళూరులో ఒక చిన్న బొమ్మల కంపెనీలో చేరాను. వచ్చిన ప్రతి కొత్త బొమ్మనూ విప్పి, మడిచి, ఎత్తు నుంచి కింద పడేసి, పిల్లలు నోట్లో పెట్టుకుంటే రంగు వదులుతుందా అని తడిగుడ్డతో రుద్ది చూసి, బాగోగులు రాసివ్వడం నా పని. చాలా బాధ్యతగల పని (ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను). కానీ బట్లహళ్ళిలో మా అమ్మ నోట పడేసరికి అది, "మావాడు బొమ్మలతో ఆడుకుంటాండాడు, దానికి జీతం గూడా ఇస్తాండారు" అని బయటికొచ్చేది. ఈ ఒక్క మాటకు అప్పటికే రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది చాకవేలు నుంచి వచ్చింది. పిల్ల ఫోటో చూసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. ఇది కూడా తప్పిపోతే ఎట్లారా దేవుడా అని ఒకటే గుబులు.

పెళ్ళిచూపులు ఆదివారమైతే, శనివారం సాయంత్రం మా మేనేజరు అరచేతిలో ఇమిడే ఒక రోబో బొమ్మను నా ముందు పెట్టి, "సోమవారం పొద్దునకల్లా రిపోర్టు కావాలి" అన్నాడు. విప్పితే మనిషి, మడిస్తే ట్రాక్టరు. మర్నాడు బెంగళూరులో బస్సెక్కి, చిక్కబళ్ళాపురం దాటినప్పటి నుంచి బాగేపల్లిలో దిగేదాకా దాన్ని విప్పడం, మడవడం, ఇదే పని. ముద్దుగానే ఉంది, అబద్ధమెందుకు? బానెట్టు కింద నుంచి తల లేచే తీరు చూసి పక్క సీటాయన చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టేశాడు. ఇక లోపాలంటారా, వెనక చక్రాలు రెండూ పోయి వీపు మీద కూర్చుంటాయి, కాళ్ళేమో పుల్లలు. నిలబెడితే వెల్లకిలా పడుతుంది. అంతకంటే పెద్ద తంటా, తిరిగి ట్రాక్టరు చేసేటప్పుడు కుడి చేతిని మడిచి బానెట్టు కింద దూర్చాలి. అక్కడ దానికి చోటే లేదు. ఒకసారి దూరుతుంది, ఒకసారి మొండికేస్తుంది. ఎందుకో తేల్చుకునేలోపు బాగేపల్లి వచ్చింది. చింతామణి మీదుగా వచ్చిన అమ్మా నాయనా బస్టాండులో కాచుకుని ఉన్నారు. బొమ్మను చొక్కా జేబులో వేసుకుని వాళ్ళతో చాకవేలు ఆటో ఎక్కాను. పప్పులో కాలేసింది అక్కడే.

చాకవేలులో మర్యాదలకు లోటు లేదు. ఉప్పిట్టు, కేసరిబాతు, నేతి వాసన. ఎదురుగా అమ్మాయి నాయన, ఆయన పక్కన అమ్మాయి మేనమామ, గోడకానుకుని అవ్వ. అమ్మాయి కాఫీ తెచ్చింది. నేను గ్లాసు అందుకోవడం మరిచిపోయి ఆమె మొహమే చూస్తూ కూర్చుంటే మా నాయన మోచేత్తో పొడిచాడు. ఇంతలో మేనమామ గొంతు సవరించుకుని, "ఏం కెలసమప్పా నీది?" అని నా ఉద్యోగం గురించి మొదలుపెట్టాడు. "క్వాలిటీ" అన్నాను (బస్సులో ఈ ముక్క కూడా సాధన చేసుకున్నాను). "దేంట్లో క్వాలిటీ?" అన్నాడాయన. మా అమ్మ నోరు తెరవబోయింది. ఆ నోటి నుంచి ఏం వస్తుందో నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే అవ్వ నా జేబు వైపు వేలు చూపించి, "అదేమప్పా, జేబులో అంత ఉబ్బుకోనుండాది?" అంది.

ఇక దాచి లాభం లేదని బొమ్మ తీశాను. తీసినవాణ్ణి ఊరికే చూపించి లోపల పెట్టుకోవచ్చు కదా! అమ్మాయి చూస్తోంది మరి. ఇంద్రజాలం చేసేవాడిలాగా చేతులు తిప్పుతూ ట్రాక్టరును మనిషిని చేశాను. "అబ్బా!" అన్నారందరూ. ఆ ఒక్క "అబ్బా"తో నా తల తిరిగింది. "ఇప్పుడు చూడండి, మళ్ళీ ట్రాక్టరు" అని మడవడం మొదలుపెట్టాను. తల లోపలికి పోయింది, కాళ్ళు పోయాయి, కుడి చెయ్యి మాత్రం బానెట్టు పక్క నుంచి బయటికి చాచుకుని, ఓటేయమని చెయ్యి ఊపేవాడిలా నిలిచిపోయింది. నొక్కాను. తిప్పాను. వెనక్కి విప్పుదామన్నా రాదు. సగం మనిషి, సగం ట్రాక్టరు.

"ఇదేం చోద్యం!" అంది అవ్వ. "సగంలో నిలిచిపోయినదాన్ని ముందర పెట్టుకోని శుభం మాట్లాడతారా యాడన్నా? అది మనిషన్నా కావాల, ట్రాక్టరన్నా కావాల. అంతవరకూ ఈ ఇంట్లో మాట లేదు." మేనమామ గడియారం చూసుకుని, "నాలుగున్నరకు రాహుకాలం" అన్నాడు. అప్పటికే నాలుగు దాటింది. అమ్మాయి నాయన ఇబ్బందిగా కదిలి, "నేను గూళూరుకు పోవాలప్పా, చేన్లో బోరు వేస్తాండారు. మళ్ళా వారం అనంతపురం సంబంధమోళ్ళు వస్తామనిరి..." అంటూ నసిగాడు. నా చెవుల్లో ఇంకేమీ వినపడలేదు, అనంతపురం తప్ప.

అందరూ తలా ఒక చెయ్యి వేశారు. మేనమామ దాన్ని నట్టు బిగించినట్టు బిగించాడు. మా నాయన, "నిదానంగా, నిదానంగా" అంటూ అందరికంటే గట్టిగా లాగాడు. మా అమ్మ కొబ్బరినూనె రాయమంది. రాస్తే అది మేనమామ వేళ్ళ సందున జారి, ఎగిరి, నా కేసరిబాతులో పడింది. తుడిచి అవ్వకిచ్చారు. అవ్వ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని కిందా మీదా చూసి, "కాళ్ళు చూడు, పుల్లలు. వీపున చూస్తే ఇంత బరువు. ఇది నిలబడి సంసారం చేస్తాదా?" అంది. మొదటి ముక్క బొమ్మను చూస్తూ అంది, చివరి ముక్క నన్ను చూస్తూ అంది. నేను పంచెలో కాళ్ళు ముడుచుకున్నాను (పంచె మా నాయన ఫోన్లో పట్టుబట్టి కట్టించింది, ఆ రోజు ఆయన చేసిన ఒకే ఒక మేలు).

నాలుగూ ఇరవై అయింది. అప్పటిదాకా తలుపు పక్కన నిలబడిన అమ్మాయి కాఫీ పళ్ళెం కింద పెట్టి, "ఇట్లియ్యవ్వా" అని బొమ్మను తీసుకుంది. ఒకసారి తిప్పి చూసింది. టక్! చెయ్యి ఊడి ఆమె గుప్పిట్లోకి వచ్చేసింది. ఆమె బొటనవేలితో బానెట్టు నొక్కితే బుద్ధిగా మూసుకుంది. బొమ్మను నేల మీద పెట్టి తోసింది. ట్రాక్టరు దొర్లుకుంటూ పోయి అవ్వ కాలికి తగిలి ఆగింది.

"ఆ చెయ్యి అడ్డం తప్ప ఇంగ దేనికుండాది?" అంది అమ్మాయి.

"అయ్యో, ఇరిగిపాయ గదే!" అన్నాడు మేనమామ. "ఇరిగితే ఇరిగింది, పూర్తయింది గదా!" అని కసిరింది అవ్వ. "ట్రాక్టరుకు చేతులు యాడన్నా ఉంటాయిరా?" మేనమామ ఇక నావైపు తిరిగి, "సరే, ఏమప్పా క్వాలిటీ, రిపోర్టులో ఏమని రాస్తావు?" అన్నాడు. "చేసినోళ్ళదే తప్పు. డిజైన్లోనే లోపముండాదప్పా" అన్నాను. "అట్లనా. మరి మా పిల్లలో?" అన్నాడో లేదో, ఆ ముక్క పూర్తి కాకముందే నా నోటి నుంచి, "ఏమీ లేదు!" అని ఊడిపడింది. అంత గట్టిగా అన్నానని నాకే తెలియదు. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూశారు. ఇల్లంతా గొల్లుమంది. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ, "నీకేమమ్మా, సరేనా?" అని మనవరాల్ని అడిగింది. ఆమె లోపలికి పోతూ, "చూద్దాంలే అవ్వా, నిలబడతాడో లేదో" అంది. రాహుకాలం రాకముందే తాంబూలాలు చేతులు మారాయి.

సోమవారం రిపోర్టులో కుడి చెయ్యి అనవసరమని రాశాను. శాంపిలుకు చెయ్యేదని మేనేజరు అడిగాడు. చాకవేలులో ఉందన్నాను. ఎందుకో ఆయన మళ్ళీ అడగలేదు, శాంపిలునూ వెనక్కి అడగలేదు.

ఆ ట్రాక్టరు ఇప్పుడు మా టీవీ పక్కన ఉంది. దాని చెయ్యి మా ఆవిడ పిన్నీసుల డబ్బాలో ఉంది, ఎందుకు దాచావంటే చెప్పదు. నాకు నలభై దాటాయి, పొట్ట వచ్చింది, కాళ్ళు మాత్రం అవ్వ చూసినప్పటి కాళ్ళే. మొన్న నేల మీద కూర్చుని అన్నం తిని లేవబోతే మోకాలు పట్టేసింది. కూర్చోనూ లేను, లేవనూ లేను, ఒక చెయ్యి గాల్లో, ఒక చెయ్యి నేల మీద. మా ఆవిడ వంటింట్లో నుంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని, కిందా మీదా చూసి, "ఏ చెయ్యి పీకాల? కుడిదా, ఎడమదా?" అంది.

అని, తన చెయ్యి అందించింది. పట్టుకుని లేచాను, నిలబడ్డాను కూడా. అవ్వ ఉండుంటే చూపించేవాణ్ణి.