దారం కొలతల టోపీలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మేం గోరంట్లలో ఉండేవాళ్లం. నాలుగేళ్ల మా పాపకు స్నానం చేయిస్తుంటే ఎడమ ముంజేతి మీద వేరుశనగ కాయంత గడ్డ తగిలింది. నొక్కినా నొప్పి లేదంది. ఎక్కడో పడి ఉంటుందని మా అత్త పసుపు పట్టువేసింది. నెల తిరిగేసరికి అది నిమ్మకాయంత అయింది.

బెంగళూరులో ముక్క తీసి పరీక్షించారు. కండలో పుట్టే క్యాన్సర్ అనీ, పిల్లల్లో చాలా అరుదనీ, ఇంకా ఎక్కడికీ పాకలేదనీ డాక్టరు చెప్పారు. ముందు మందులతో కుదించి, తర్వాత కోసి తీస్తామన్నారు. నాకు 'పాకలేదు' అన్న మాటొక్కటే చెవికెక్కింది. దాన్నే పట్టుకున్నాను.

మూడు వారాలకోసారి బస్సెక్కేవాళ్లం. మందెక్కిన రెండు రోజులూ వాంతులు. మూడోరోజు లేచి చిత్రాన్నం అడిగేది. జుట్టు రాలిపోయాక, మా పక్కింటి దర్జీ సాయిబు పాప గౌనుకొక టోపీ చొప్పున మిగులు గుడ్డలతో కుట్టిచ్చాడు. వార్డులో పిల్లలందరూ తమకూ కావాలన్నారు. పాపకు అంకెలు రావు. అందుకని ఒక్కో తల చుట్టూ దారం చుట్టి కత్తిరించేది. నేను దానికి పేరు రాసిన చీటీ కట్టేదాన్ని.

ఒకసారి ఆ దారాల్లో ఒకటి పట్టుకుని సాయిబు ఆశ్చర్యపోయాడు.

"ఎవురిదమ్మా ఈ తలకాయ, ఇంత పెద్దగుండాది?"

"మా డాక్టరుది మామా. ఆయప్పకు గూడా ఎంటికల్లేవు."

ఆ కొలతకు సాయిబు కుట్టిచ్చిన పూల టోపీ పెట్టుకునే డాక్టరు వార్డంతా తిరిగారు. మందులు మొదలయ్యాక మా ఆయన నోరారా నవ్వడం ఆరోజే చూశాను.

టోపీలు పెట్టుకున్న పిల్లల్లో ఇద్దరు మళ్లీ కనబడలేదు. వాళ్లు యాడికి పోయినారని పాప అడిగితే, చనిపోయారని నిజమే చెప్పాను. కాసేపు నా ఒళ్లో పడుకుని, లేచి కొత్తగా వచ్చిన పిల్ల దగ్గరికి పోయింది.

గడ్డ కుంచించుకుపోయింది, ఆపరేషన్ జరిగింది, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. చేతి మీద జానెడు మచ్చ, పిడికిట్లో కాస్త పట్టు తక్కువ. అంతే మిగిలింది. బడిలో వేసిన వారానికే, పక్కపిల్లను గిల్లిందని టీచరమ్మ కబురు పంపింది. తిట్టడానికి పోయిన మా ఆయన, ఏ చేత్తో గిల్లిందని అడిగాడట. ఎడమ చేత్తోనే అని తెలిసి, దారిలో మిఠాయి కొనుక్కుని మరీ ఇంటికొచ్చాడు.