అతకని పొర

అందరూ బాగుండారా? పెద్దోళ్లు బీపీ మాత్రలు మరవకుండా వేసుకుంటా ఉండారా? కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు, చంటోళ్లు కులాసానా? పిల్లకాయల కండ్లు చూపించినారా? ఎవురన్నా పొద్దు గూకితే తడుముకుంటా ఉంటే తాత్సారం చేయొద్దండి. మాకు ఈ మాట చెప్పే మనిషి ఇంక లేదు. మా చెల్లెలి కూతురు పోయిన వారం కన్నుమూసింది. గుండె ఆగిపోయిందంట.

కంటి వెనక పొర మీద పరిశోధన చేసే సైంటిస్టు ఆ బిడ్డ. మూలకణాల నుంచి ఆ పొరను గాజు గిన్నెల్లో పెంచేది. పండగకు బంగారుపాళ్యం వచ్చినా మర్నాడు పొద్దున్నే బయల్దేరేది.

"కణాలకు తిండి మార్చాల పెద్దమ్మా."

"మొగుడికి ఎప్పుడన్నా పెట్టినావా తిండి?" అని మా చెల్లెలు ఎత్తిపొడిచేది.

"ఆయనకు చేతులుండాయి కదమ్మా, వాటికి లేవే!" అని నవ్వేది.

మా మనవరాలికి ఆ పొరే ఎండిపోతా ఉండాది. పదో తరగతి బిడ్డ. పక్కన నిలబడినోళ్లు కనపడరు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉండేదే కనిపిస్తాది. ఫోన్ చేసినప్పుడల్లా అడిగేదాన్ని, "అయిందా అమ్మా?" అని.

"మామిడికి అంటు కట్టినట్టే పెద్దమ్మా. కొమ్మ పచ్చగానే ఉండాది, నరంతో అతకలే. అతికినాక నేనే చెప్తా. అందాకా ఉత్త ఆశ పెట్టను."

ఒక్కసారీ విసుక్కోలేదు. ఒక్కసారీ అబద్ధమూ చెప్పలేదు.

ఆ బిడ్డ పోయిన రోజు కండ్లు తీసుకునేదానికి ఆస్పత్రోళ్లు ఇంటికొచ్చినారు. బతికుండగానే ఇస్తానని చెప్పిపెట్టిందంట. నేను ఆ డాక్టరు చేతులు పట్టుకున్నా. "అయ్యా, ఈ కండ్లు మా పిల్లకు పెట్టండయ్యా."

ఆయన తల వంచుకున్నాడు. "అవ్వా, ముందరుండే అద్దం పొర ఒకటే ఇంకొకరికి అతుకుతాది. వెనక పొర అతకదు. అందుకే ముందరిదొకటే తీసుకుంటాం."

ఎవురో ఇద్దరికి చూపొస్తాదంట. చల్లగా ఉండనీ. బతుకంతా ఏ పొర కోసం పోరాడిందో అది మాత్రం బిడ్డతోనే కాలిపోయింది.

తన దగ్గర పని నేర్చినోళ్లు ఇంకా చేస్తారంట. మా పిల్ల చూపు అంతదాకా ఆగేట్టు లేదు. "చూడాలనుకునేవి ఇప్పుడే చూపించు పెద్దమ్మా, వెలుతురు బాగుండేటప్పుడు" అని కడసారి ఫోన్లో చెప్పింది. అంటే ఆ బిడ్డకే ఆశ లేదు కదా.

తడ కాడ ఉప్పు చెరువులో దిగే ఎర్రరెక్కల కొంగల్ని చూడాలంటాది మనవరాలు. బస్సు మెట్టు తప్పితే? మబ్బు పడితే? అవి దూరంగా నిలబడితే? అయినా వచ్చే ఆదివారం తొలిబస్సుకు పోతా ఉండాం.