నడిచి ఇంటికి వెళ్లిన భద్రమ్మ

కరిముల్లా మంత్రి రాకముందే మంత్రిగారి ప్రసంగం రాసేసే మనిషి. తొంభైల్లో ఇబ్రహీంపట్నంలో ఓ పత్రికకు కంట్రిబ్యూటరుగా ఉన్నప్పుడు అబ్బిన విద్య అది. నాలుగింటి బస్సు కండక్టరు చేతిలో కవరు పెట్టకపోతే మర్నాడు పేపర్లో వార్త ఉండదు. అందుకని సభ మొదలవకముందే "సభ విజయవంతం" అని రాసి బస్సెక్కించేవాడు. పట్టుకున్నవాడు లేడు.

పత్రికవాళ్లిచ్చేది టీ నీళ్లకు చాలక, తర్వాత భవానీపురంలో ఓ గది తీసుకుని కంప్యూటరు పెట్టాడు. అప్పటికి డాక్టర్లకు ఇంటర్నెట్ పిచ్చి పట్టింది. గూగుల్లో విజయవాడ, మోకాలి ఆపరేషన్ అని కొడితే తన పేరే ముందు రావాలని సర్జను కృపానందం గారి కోరిక. కరిముల్లా ఇంగ్లీషులో ప్రెస్ నోట్లు రాసి, అలాంటివి పెట్టే అమెరికా వెబ్‌సైటుకు పంపేవాడు. అక్కణ్ణుంచి ఇంకెన్నో సైట్లు ఎత్తుకునేవి. అందులో నిజమెంతని ఎవడూ అడగడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, వీళ్లకు ఆ అతుకు కూడా అక్కర్లేకపోయింది.

2008లో పెడన నుంచి భద్రమ్మ వచ్చింది. నేతపని ఇల్లు. నేలమీద కూర్చుని రాట్నం తిప్పి కండెలు చుట్టి చుట్టి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. రెండు మోకాళ్లూ మార్చాలన్నారు. ముందురోజు కరిముల్లా కెమెరా పట్టుకెళ్లి, ఆమెను డాక్టరు పక్కన కూర్చోబెట్టి నవ్వమన్నాడు. పళ్లు ఎత్తుగా ఉన్నాయని జన్మంతా మూతి బిగించి ఫొటో దిగిన మనిషి, మళ్లీ నడుస్తానన్న సంబరంలో నోరారా నవ్వింది.

నోటు ముందుగానే పంపి, ఫలానా రోజున పెట్టమని తేదీ ఇవ్వాలి. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. "ఆపరేషన్ అయిన మూడో రోజునే భద్రమ్మ నడిచి ఇంటికి వెళ్లారు" అని రాసి, ఆపరేషన్‌కు ముందే పంపేశాడు.

రెండో రోజు ఊపిరాడక భద్రమ్మ ఆస్పత్రిలోనే పోయింది. మూడో రోజు నోటు బయటికొచ్చింది.

కరిముల్లా డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. తీసేయమని ఆయన వెబ్‌సైటువాళ్లకు ఒక్క ఉత్తరం రాస్తే చాలు. ఆయన కంప్యూటరు చూపించాడు.

"మొదటి పేజీకొచ్చింది కదయ్యా. ఉండనీ."

కరిముల్లా తలూపి వచ్చేశాడు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డాక్టరుకైతే అది వ్యాపారం. పక్కన కూర్చుని ఆమెను నవ్వించినవాడికి నోరేమైంది?

పెద్దకర్మకు రెండ్రోజుల ముందు భద్రమ్మ భర్త భావనారాయణ ఆ గదికి వచ్చాడు. కొట్లాటకేమోనని కరిముల్లా కుర్చీలోంచి లేచాడు. ఆయన వచ్చింది ఫొటో కోసం.

"మా మేనల్లుడు కంప్యూటర్లో చూశాడండి. నవ్వుతా ఉందంట. పటం కట్టించుకుంటాను బాబూ. మా ఇంట్లో అది నవ్విన ఫొటో ఒక్కటీ లేదు."

కరిముల్లా పేజీ తెరిచాడు. భావనారాయణ ఆ నవ్వును చూసి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత కింద అక్షరాల మీద వేలు పెట్టి, ఇక్కడేం రాశారు, మావాణ్ణి అడిగితే చెప్పలేదు అన్నాడు.

అబద్ధాలకు కరిముల్లా ఎన్నడూ తడుముకోలేదు. ఆ పూట ఒక్కటీ అందలేదు. అక్కడ రాసింది రాసినట్టు తెలుగులో చదివి చెప్పాడు.

"ఇది జనం చూస్తారా అండీ?"

"చూస్తారండీ. చూసే ఆస్పత్రికి వస్తున్నారు."

భావనారాయణ ఆ అక్షరాల మీంచి వేలు తీశాడు.

"అయితే ఎల్లుండి పెద్దకర్మ ఎవరికి చేస్తున్నామండీ?"

కరిముల్లా ఫొటో ప్రింటు తీసి, కవర్లో పెట్టి, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. డాక్టర్ని మాత్రం మళ్లీ అడగలేదు. ఆ వారమే ఇంకో నోటు పంపాడు, అదీ ఆపరేషన్‌కు ముందే.