నడుముకు కట్టిన నాపరాళ్లు

టక్... టక్... మెట్ల మీద రాయి రాయిని పలకరిస్తున్నట్టు చప్పుడు. సుశీల తలెత్తి చూసేసరికి గుమ్మంలో మహబూబ్ బాషా.

అది 1961. ప్రొద్దుటూరు పత్తి మిల్లులో హమాలీలకు దమ్ము పరీక్ష చేయడానికి వచ్చిన డాక్టరు ఆమె. దమ్ము చాలనివాళ్లను బేళ్లు మోసే పనిలోంచి తీసేస్తారట. జమ్మలమడుగు గనుల్లో బండలు మోసి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి బేళ్లకు భుజమిచ్చిన బాషాకు మోత తప్ప మరో పని రాదు.

నిన్న ఒక్కొక్కరి ముక్కుకూ క్లిప్పు పెట్టి, ఓపిక అయిపోయేదాకా బల్ల ఎక్కించి దించి, వదిలిన గాలినంతా రబ్బరు సంచుల్లో పట్టింది సుశీల. ఎండలో ఉబ్బిన ఆ సంచులు దూదికన్నా తేలికైన పంటలా ఉన్నాయి. ఆ గాలిని బట్టి, ఒంట్లో ఖర్చయిన ఆక్సిజన్ ఎంతో లెక్క కట్టింది. తోటి హమాలీ జియావుల్లాకు నిమిషానికి మూడు లీటర్లు. బాషాకు రెండు దాటి కొంచెం.

"ఈయప్పది అందరికన్నా తక్కువ. గేటుకాడ కూర్చోబెడదాం," అన్నాడు మేనేజరు సీతాపతి.

"ఆగండి. రేపు బరువు తూచాకే తేలుతుంది," అంది సుశీల.

ఆ మాట బాషా చెవిన పడింది.

ఈ పొద్దు కాటా ఎక్కితే యాభై మూడు కిలోలు తూగాడు.

"ఏంది మామా, సంగటి తపేలాతో సహా మింగినావా?" అన్నాడు జియావుల్లా. బాషా నవ్వలేదు.

సుశీల నిన్నటి ఆక్సిజన్ లెక్కను ఈ బరువుతో భాగించింది. ఒంటి బరువులో కిలోకు, నిమిషానికి నలభై మిల్లీలీటర్లు. జియావుల్లాకు నలభై మూడు. ఎట్లా లెక్కగట్టినా బాషాదే వెనకవరస. ఆమె కలం ఆగిపోయింది. బాషా మెట్లు దిగుతున్నాడు. టక్... టక్... మనిషి ఎముకలు అట్లా మోగవు.

"బాషా, ఇట్లా రావయ్యా. నడుముకు ఏం కట్టుకున్నావు?"

అతను చొక్కా ఎత్తాడు. గోనెపట్టీలో నాపరాతి ముక్కలు.

"బరువు సూస్తామంటిరి గదమ్మా. రాళ్లేస్తే పత్తి మూట తూగుతాది, నేను తూగనా?"

సుశీలకు నవ్వు ఆగలేదు. సీతాపతివైపు తిరిగింది. "మీరు పత్తిలో ఏం చూస్తారు? మూట ఎంత ఉందనా, దూది ఎంత దిగుతుందనా?"

"దూదే. రాళ్లు కలిస్తే దిగుబడి పడిపోతాది."

"ఇదీ అంతే. పెద్ద ఒంటికి ఊపిరి ఎక్కువే పడుతుంది. కిలోకు ఎంతనేదే చూడాలి. బేలు ఎత్తకముందు ఎవరైనా తన ఒళ్లు తాను మోసుకోవాలి గదా."

రాళ్లు విప్పించి మళ్లీ తూచారు. నలభై ఏడు. అప్పుడు కిలోకు దాదాపు నలభై అయిదు మిల్లీలీటర్లు. జియావుల్లాను దాటిపోయాడు.

"అయితే బేళ్లకాడనే ఉండు పో," అన్నాడు సీతాపతి.

బాషా ఒక పెద్ద ఊపిరి వదిలాడు. అది ఏ సంచికీ చిక్కలేదు. రాళ్లు కిటికీలో పెట్టి, చప్పుడు లేకుండా మెట్లు దిగాడు. దిగినవాడు మళ్లీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు:

"డాక్టరమ్మా, ఈ సంగతి మా ఇంటామె ఖమర్‌బీకి మాత్రం సెప్పాకండి. పాపం, పొద్దున్నే లేసి రాళ్లు కట్టింది ఆమెనే."