బిక్షపతి ఎత్తిన దర్వాజ

జైలు వడ్రంగి షెడ్డులో సాయంత్రం కాగానే ఉలులు, రంపాలు సిపాయికి అప్పగించాలి. బయటికొచ్చి ఏడాది దాటినా బిక్షపతికి ఆ అలవాటు పోలేదు. మెదక్‌లో లలితమ్మ కట్టుకుంటున్న ఇంటికి టేకు దర్వాజ చేస్తున్నన్నాళ్ళూ పని దిగే ముందు పనిముట్లు తుడిచి ఆమె ముందు పెట్టేవాడు.

"నీ సామాను నాకెందుకు బిడ్డా, నేనేమన్న కుర్సీలు జేస్తనా?" అని ఆమె నవ్వింది. "గీ పద్ధతి యాడ నేర్చినవ్?"

దాచడం చేతకాక చెప్పేశాడు. పదిహేడేళ్ళప్పుడు కౌడిపల్లిలో ఒక పెళ్ళి బరాత్‌లో కొట్లాటయింది. అతని కట్టె దెబ్బకు తన ఈడు పిల్లవాడొకడు చనిపోయాడు. మైనరే అయినా పెద్దవాళ్ళ లెక్కనే విచారించారు. ఇరవై ఒకటి నిండేదాకా బాలుర హోంలో ఉంచి, తర్వాత పెద్ద జైలుకు పంపారు. చేతికి పని అబ్బింది అక్కడే.

లలితమ్మ ఆ తర్వాత నవ్వలేదు.

దర్వాజ ఎత్తే రోజు, అంటే ద్వారబంధం నిలబెట్టే రోజు, చేసినవాడికి ఇంటావిడ బొట్టు పెట్టి కొత్త బట్టలివ్వడం ఆనవాయితీ. బిక్షపతి సొంతంగా పట్టిన మొదటి పని ఇది. ఆ బొట్టు పడితే ఊరు అతన్ని పనివాడంటుంది. లేకుంటే పాత పేరే మిగులుతుంది.

ఆ పొద్దున లలితమ్మ ముసలి వడ్రంగి వడ్ల స్వామిని పిలిపించింది.

"దర్వాజ నువ్వెత్తు స్వామీ. పానం దీసిన చెయ్యితోని కడప వెడితే నాకు మనసున వట్టదు."

స్వామి మూలల అతుకులు తడిమి చూశాడు. గోరు కూడా దూరలేదు.

"గిది నేన్జేసింది గాదమ్మా. ఇంకోని పనికి నేను బొట్టు వెట్టించుకుంటే మా వడ్లోల్లంత నవ్వుతరు. జల్ది చెప్పుండ్రి, ముహూర్తం దాటుతదని అయ్యగారు గడియారం జూస్తుండు."

ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. "కానియ్యుండ్రి."

బిక్షపతి, స్వామి చెరోవైపు పట్టి దర్వాజ ఎత్తారు. బిక్షపతి దారానికి గుండు వేలాడదీసి నిలువు సరిచూశాడు. లలితమ్మ పళ్ళెంతో వచ్చింది. బట్టలు పక్కనున్న ఇటుకల మీద పెట్టింది. కుంకుమలో వేలు ముంచి ఆగిపోయింది.

"వెట్టాలనే ఉంది బిడ్డా. గా పిలగాని తల్లి యాదికొస్తుంది."

"నాకు గూడ గంతేనమ్మా" అన్నాడు.

ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. మేస్త్రి సిమెంటు వేస్తున్నంతసేపూ బిక్షపతి దర్వాజను కదలకుండా పట్టుకుని నిలబడ్డాడు. చుట్టాలు ఒక్కొక్కరే గడప దాటి లోపలికి పోయారు. అతన్ని రమ్మని ఎవరూ అనలేదు.