చెంచాడు కొసరు

నాకు కుదురు లేదు. చిన్నప్పుడు మా అమ్మ అనేది, ఇప్పుడు నాతో పనిచేసేవాళ్ళు అంటున్నారు. వనపర్తిలో పొద్దున్నే బస్సెక్కితే గద్వాల, మర్నాడు నాగర్‌కర్నూల్, ఆ మర్నాడు మళ్ళీ గద్వాల. ఒకే యజమానికి ఈ మూడు ఊళ్ళలో మూడు కిరాణా మార్టులున్నాయి. గాజు తలుపులు, ఏసీ, చక్రాల బుట్టలు ఉన్న దుకాణాలు. వాటిలోకి వచ్చిన జనం ఎక్కడ ఆగాలో, ఏది చేతిలోకి తీసుకోవాలో, తీసుకున్నదాన్ని తిరిగి అరలో పెట్టకుండా ఎట్లా చూడాలో ఆలోచించడం నా ఉద్యోగం.

హైదరాబాద్‌లో ఎంబీఏ చదివేటప్పుడు బిహేవియరల్ ఎకనామిక్స్ అని ఒక పాఠం ఉండేది. మనిషి లెక్క వేసుకుని కొనడు, కొన్నాక లెక్క చెప్పుకుంటాడు అన్నది నాకు అందులోంచి మిగిలిన సంగతి. అది నాకు తెగ నచ్చింది. టీపొడి రెండు సైజులు పెడితే మావాళ్ళు చిన్నదే కొంటారు. ఎవరూ కొననంత పెద్దది మూడోది పక్కన పెట్టి చూడండి, చెయ్యి దానంతటదే మధ్యదాని మీదికి పోతుంది. చక్కెర దగ్గర 'ఒక్కరికి రెండు ప్యాకెట్లు మాత్రమే' అని రాసిపెడితే, ఒకటి చాలనుకుని వచ్చినవాళ్ళు కూడా రెండు పట్టుకుపోతారు. ఇవన్నీ చేశాను. అన్నీ పనిచేశాయి. చేసినందుకు ఏనాడూ నిద్ర పాడుచేసుకోలేదు. ఎవరి చెయ్యి పట్టుకుని బలవంతంగా కొనిపించాను గనక?

కాకపోతే ఈ పని మనిషిని ఊరికే ఉండనివ్వదు. చెప్పుల దుకాణానికి వెళ్తే చెప్పులు చూడను, ఏ జత పక్కన ఏ జత పెట్టారో చూస్తాను. హోటల్లో మెనూ తీసుకుని వీడు నాకేది అంటగట్టాలని చూస్తున్నాడో వెతుకుతూ కూర్చుంటే తెచ్చిన ఇడ్లీ చల్లారిపోతుంది. నా కోసం ఒక టూత్‌పేస్ట్ కొనడానికి అర ముందు నిలబడి నిలబడి, చివరికి విసుగొచ్చి ఏమీ కొనకుండా బయటికొచ్చిన రోజులున్నాయి. పరులకు తవ్విన గుంతలన్నీ నాకే కనబడుతుంటాయి.

గద్వాల మార్టులో ఒక మూల విడి సరుకుల కౌంటర్ ఉంది. పల్లీలు, పప్పులు, బెల్లం, చింతపండు అక్కడ తూచి ఇస్తారు. కర్ణాటక అంచున ఉన్న గట్టు మండలం నుంచి వచ్చే రైతుల ఇళ్ళ ఆడవాళ్ళకు ప్యాకెట్ల మీద నమ్మకం లేదు. ముట్టి చూసి, రెండు గింజలు నోట్లో వేసుకుని, అప్పుడు కొంటారు. ఆ కౌంటర్‌లో తూచేది యాభై దాటిన ఒక మనిషి. నేను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేదాన్ని, ఆమె నన్ను బేటీ అనేది. ఆమె భర్త దర్జీ. చూపు మందగించి ఆయన కుట్టుమిషన్ మూలన పడ్డాక ఆ ఇల్లు ఆపా జీతం మీదే నడుస్తోంది. నేను చేరిన మొదటి వారంలోనే ఆ మాట నాతో చెప్పింది. ఏడుస్తూ కాదు, ఈ ఏడు వానలు తక్కువ అన్నట్టుగా చెప్పింది.

ఆ కౌంటర్‌కు నేనొక పద్ధతి నేర్పాను. తూచేటప్పుడు ఎక్కువ పోసి తీయకూడదు. ముందు తక్కువ పోయాలి, తర్వాత కొంచెం కొంచెం కలుపుతూ కిలోకు తేవాలి. తూకం రెండు విధాలా ఒకటే. కానీ తీస్తుంటే కొనేవాళ్ళకు తమది లాక్కుంటున్నట్టు ఉంటుంది, కలుపుతుంటే తమకేదో ఇస్తున్నట్టు ఉంటుంది. ఇంత వివరం ఎందుకులే అని ఆపాకు చిన్నగా చెప్పాను.

"తియ్యొద్దు ఆపా. ఆఖరుకు జర కలపాలె. గట్ల కలిపితే సంబురపడ్తరు."

"గంతేనా బేటీ? గది నాకెర్కే."

ఆమెకు ఏం ఎరుకో నేను అడగలేదు. అప్పటికే బస్సు టైమయింది, బ్యాగు భుజాన వేసుకున్నాను.

పద్ధతి పనిచేసింది. మామూలుగా కాదు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో కూడా అదే నేర్పాను కానీ గద్వాల కౌంటర్ ముందు నిలబడినంత జనం ఎక్కడా నిలబడలేదు. పల్లీల కోసం వచ్చినవాళ్ళు సబ్బులు, నూనె కూడా అక్కడే కొనుక్కుని పోతున్నారు. యజమాని నన్ను పిలిచి కుర్చీ వేయించాడు. కొత్తగా తెరవబోయే దుకాణాలన్నిటికీ నిన్నే పెడతానన్నాడు. నేను ఆ రాత్రే కొత్త హోదాతో నా పేరు రాసుకుని చూసుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ రాసుకున్నాను.

తర్వాత సరుకు లెక్క చూశారు. గద్వాలలో పల్లీలు తగ్గాయి, బెల్లం తగ్గింది, పప్పులు తగ్గాయి. యజమాని ఫోన్ చేశాడు.

"ఎవరో ఇంటికి మోస్తున్నరు. నువ్వు పోయి చూడు. ఆ ముసలామెనే అయితే రేపటి సంది రావొద్దని చెప్పి రా."

పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర వంతెన మీద బస్సు కృష్ణను దాటుతున్నంతసేపూ కాలు ఆడిస్తూనే ఉన్నాను. పక్కన కూర్చున్నావిడ రెండుసార్లు నా మోకాలి వైపు చూసింది. ఆపా భర్త చూపు గురించి, ఆ ఇంటి ఖర్చుల గురించి ఆలోచిస్తూ, తీసే ఉంటుంది పాపం అనుకున్నాను. ఆ 'పాపం' అన్న మాట తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. చూడకముందే దొంగను చేశాను, పైగా జాలి కూడా పడ్డాను.

మార్టులోకి వెళ్ళి సబ్బుల అరల చాటున నిలబడ్డాను. మధ్యాహ్నం. కౌంటర్ ముందు గట్టు నుంచి వచ్చిన ఒకావిడ కిలో పల్లీలు అడిగింది. ఆపా నేను నేర్పినట్టే తక్కువ పోసింది. కలిపింది, మళ్ళీ కలిపింది. కిలో అయింది. మిషన్ లోంచి ధర స్టిక్కర్ వచ్చింది, సంచికి అంటించింది. అంతటితో అయిపోవాలి. కానీ ఆవిడ సంచి మూతి తెరిచే పట్టుకుని ఉంది. ఆపా పల్లీల కుప్పలో చెయ్యి పెట్టి ఒక గుప్పెడు తీసి ఆ సంచిలో వేసింది.

"ఇంకా సొల్ప ఎయ్యమ్మా," అంది ఆవిడ, కన్నడ కలిసిన తెలుగులో.

ఆపా నవ్వి ఇంకో నాలుగు గింజలు రాల్చింది. తర్వాతి మనిషికి బెల్లం ముక్క. ఆ తర్వాతి మనిషికి కందిపప్పు గుప్పెడు. నేను చూసినంతసేపట్లో ఒక్కరు కూడా ఆ పిడికెడు పడకుండా సంచి మూసుకోలేదు. జనం పలచబడ్డాక దగ్గరికి వెళ్ళాను.

"ఏంది ఆపా నువ్వు చేసేది? స్టిక్కర్ కొట్టినంక మల్ల పోస్తున్నవేంది?"

"కొసరు బేటీ."

"కొసరు ఎవరు పొయ్యమన్నరు?"

"నువ్వే చెప్తివి కద. ఆఖరుకు జర కలపాలె, సంబురపడ్తరు అని."

"అయ్యో ఆపా, కిలో అయ్యేదాంక కలపమన్న. కిలో అయినంక కాదు!"

ఆమె నన్ను వింతగా చూసింది. అసలు సంగతి నేను దాచిపెడుతున్నానేమో అన్నట్టు చూసింది.

"కిలో దాంక పోసేది వాళ్ళదే కద బేటీ. వాళ్ళు పైసలిచ్చిండ్రు, వాళ్ళ సరుకు. వాళ్ళది వాళ్ళకిస్తే గండ్ల సంబురమేముంటది?"

రెండేళ్ళు చదివిన ఎంబీఏలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

మా అమ్మ వనపర్తి బజారులో చాలా ఏళ్ళు పల్లీలు అమ్మింది. బడి నుంచి వచ్చి ఆమె పక్కన గోనెపట్టా మీద కూర్చునేదాన్ని. తూకం అయ్యాక ప్రతి ఒక్కరూ సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడేవాళ్ళు, అమ్మ ఒక పిడికెడు వేసేది. ఇట్ల పోస్తే మనకేం మిగుల్తదే అని నేను గొడవపడేదాన్ని. "ఊకో. పొయ్యకుంటె నా చెయ్యి ఊకోదు," అనేది. అట్లాంటి తల్లికి పుట్టి, గద్వాల మనిషితో 'ఆఖరుకు జర కలపాలె' అంటే ఆమె ఏమని వింటుందో నాకు తట్టలేదు. ఈ పాలమూరులో తూకం అయ్యాక కలిపేదానికి ఒక్కటే అర్థం. తప్పు ఆపాది కాదు, నాది.

"కొలువు పోతదా బేటీ?" అంది ఆపా. తూకం మిషన్ పళ్ళెం గుడ్డతో తుడుస్తోంది, అప్పటికే శుభ్రంగా ఉన్నదాన్ని.

"పోనియ్య," అన్నాను.

తిన్నగా యజమాని దగ్గరికి వెళ్ళి నేనే సరిగా చెప్పలేదని ఒప్పుకోవచ్చు. కానీ అట్లా ఒప్పుకుంటే కొత్త దుకాణాలు, కొత్త హోదా ఏమవుతాయో నాకు తెలుసు. అందుకని నాకొచ్చిన విద్యే వాడాను. సరుకు కొసరు కింద పోతోందని చెప్పి, కాగితం మీద మూడు దారులు రాశాను. ఒకటి, విడి సరుకుల కౌంటర్ ఎత్తేసి ప్యాకింగ్ మిషన్ కొనడం. దాని ధర చూస్తేనే యజమాని కళ్ళు తిరగాలని పెద్ద మిషనే వెతికి రాశాను. మూడోది, కొసరు మాన్పించడం. మానితే ఈ జనం ఎదురు దుకాణానికి పోతారని కింద గీత గీసి రాశాను. మధ్యలో రెండోది: కొసరు ఉండనివ్వండి, కౌంటర్‌లో మనిషినీ ఉండనివ్వండి, కిలోకు రెండు రూపాయలు పెంచండి, పిడికిలికి బదులు ఒక కొలత చెంచా పెట్టండి, పైన 'మా వద్ద కొసరు ఉచితం' అని బోర్డు కట్టండి.

యజమాని మొదటిది చూసి మూతి విరిచాడు, మూడోది చూసి తల అడ్డంగా ఊపాడు, రెండోదాని మీద వేలు పెట్టాడు. అచ్చం టీపొడి ముందు జనంలాగే. "నీ బుర్రే బుర్ర," అన్నాడు. ఆ కొసరు ఎట్లా మొదలైందన్న దానికి 'సిబ్బంది అవగాహన లోపం' అని ఒక్క ముక్క రాశాను, ఆయన దాన్ని చదవనే లేదు. ఆపా కొలువు నిలబడింది. నాదీ నిలబడింది. ఇద్దరినీ కాపాడానని గర్వంగా బస్సెక్కాను కానీ ఆ గర్వం ఊరు దాటేదాకా కూడా ఉండలేదు. ఎందుకో తెలియని అసహనం మొదలై, కిటికీ తెరుస్తూ మూస్తూ ఇల్లు చేరాను.

చెంచా నేనే వనపర్తిలో స్టీలు సామాన్ల కొట్లో కొన్నాను. కాడకు రంధ్రం వేయించి దారం కట్టించాను. గద్వాలకు తీసుకెళ్ళిన రోజున ఆపా తూకం మిషన్‌లో కొత్త రేట్లు ఎక్కిస్తోంది. చెంచా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తలెత్తి బోర్డు కూడబలుక్కుని చదివింది.

"రేటు ఎక్కింది, చెంచా వచ్చింది. రెండు ఒక్కదినమే వచ్చినయి."

"నీ కొలువు కోసమే ఆపా."

"తెల్సు."

"జర సమజ్ చేస్కో."

"సమజ్ అయింది. వాళ్ళ పైసలు తీసుకొని వాళ్ళకే పోసుడు. పైన ఉచితం అని బోర్డు." గొంతులో కోపం లేదు. చెంచా దారాన్ని కౌంటర్ మేకుకు తగిలించింది. "మంచిది. ఇంట్ల మనిషికి దవాఖాన ఉంది. నేను చేస్త."

చేసింది. బోర్డు బాగా పనిచేసింది. మిగతా రెండు ఊళ్ళకూ చెంచాలు వెళ్ళాయి. కొత్త దుకాణాల మాట యజమాని మళ్ళీ మళ్ళీ ఎత్తుతున్నాడు. నేను గద్వాల వెళ్ళినప్పుడల్లా విడి సరుకుల మూల వైపు పోకుండా పని చూసుకుని వచ్చేస్తున్నాను. బిస్కెట్ల అరలు అవసరం లేకపోయినా సర్దించాను. నూనె డబ్బాలు ఇటువి అటు పెట్టించి, మళ్ళీ అటువి ఇటు పెట్టించాను.

పోయిన నెల, మా అమ్మ పల్లీలు తెమ్మంది. తప్పక ఆ కౌంటర్ ముందు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. కిలో అన్నాను.

ఆపా తక్కువ పోసింది. కొంచెం కలిపింది, ఇంకొంచెం కలిపింది. నేను నేర్పింది నేర్పినట్టు చేసింది. కిలో అయింది. స్టిక్కర్ అంటించింది. చెంచా కుప్పలో ముంచి పైకి తీసింది. అంచు కంటే పైకి లేచిన గింజలను చూపుడు వేలితో సమంగా తోసేసి, మిగిలినవి నా సంచిలో వేసింది. అందరికీ అట్లాగే వేస్తోంది, నా ముందువాళ్ళకూ చూశాను.

"మీ కొసరు మేడం," అంది.

నేను కదల్లేదు. వెనక ఎవరో జరుగమ్మా అంటున్నారు.

"ఇంకేమన్న కావాల్నా మేడం?"

ఏం వద్దన్నాను. అప్పుడు చూసుకున్నాను, సంచి మూతి రెండు చేతులతో ఇంకా తెరిచే పట్టుకుని ఉన్నాను.