ఎనిమిది మూడైన రోజు

మా మేస్త్రి పోయిన నెల చనిపోయాడు. ఆ సంగతి నాకు చెప్పింది నయాపూల్ కోర్టు ముందు టైపు కొట్టుకునే ఒక పెద్దమనిషి. పొద్దున్నే నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, హుస్సేనీ ఆలంలో మా గుమ్మం ముందు సైకిలు ఆపి, "చెల్లె, మేస్త్రి పోయిండు. నిన్న చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిండు" అన్నాడు. నిజం చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. ఈయన పోయాడు, మా కంపెనీ మేనేజరు మాత్రం ఇంకా గుండ్రాయిలా తిరుగుతున్నాడే అనిపించింది. ఏడుపు తరువాత ఎప్పుడో, బస్సులో వచ్చింది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. మా మేస్త్రి ఎన్నడూ కోపాన్ని పక్కన పెట్టిన మనిషి కాదు. ఆయన గురించి నేను శాంతంగా రాస్తే అది ఆయన గురించి రాసినట్టు కాదు. చదివేవాళ్ళు మన్నిస్తే సంతోషం, మన్నించకపోయినా నేనేమీ అనుకోను.

మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌కి ఆయన మేస్త్రి. నేను అట్టడబ్బాలు మడిచే ఆడవాళ్ళలో ఒకదాన్ని. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు, ఉద్యోగం టెంపరరీ. అంతకుముందు డబ్బాల మీద తేదీలను రబ్బరు ముద్రతో కొట్టేవాళ్ళం. ఆ తరువాత విదేశం నుంచి ఒక మిషను వచ్చింది. దానికి అచ్చులు లేవు, డబ్బాను తాకను కూడా తాకదు. హెడ్ అనే కీరకాయంత భాగంలోంచి సిరా చుక్కలు చుక్కలుగా ఎగిరివచ్చి, బెల్టులాంటి పట్టా మీద పరిగెత్తే డబ్బా మీద అంకెలుగా పడతాయి. ఏ చుక్క ఎటు పోవాలో హెడ్ లోపలున్న కరెంటు రేకులు నడిపిస్తాయి. చిక్కంతా అక్కడే. సిరా తుంపర ఆ రేకులకు అంటుకుని, ఎండి, రోజురోజుకీ పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ చుక్కలు దారి తప్పుతాయి. లోపల ఎంత పేరుకుందో చూద్దామంటే హెడ్ మూతకు సీలు. బొంబాయి నుంచి ఇంజినీరు వస్తే తప్ప దాన్ని ఎవరూ తీయకూడదు.

మిషను వచ్చిన కొత్తలో మేస్త్రి దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, "పూల సెహ్రా కట్టుకున్న దుల్హా లెక్క ఉన్నడు గదనే వీడు. మొకం సూపిస్తలేడు" అన్నాడు. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఫికర్ లేదు. మొకం సూడకున్నా, నోట్లె పాన్ ఉన్నదో లేదో మాట ఇంటే ఎర్కైతది" అన్నాడు.

ఆ పెళ్ళికొడుకుచేత రోజూ మాట్లాడించడానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పొద్దున పట్టా కదలకముందు, తెల్ల కాగితం చీటీ మీద ఒక వరుస ఎనిమిదులు కొట్టించేవాడు. ఎనిమిదే ఎందుకంటే, దానికి అన్ని పక్కలా చుక్కలుంటాయి. ఏ పక్క చుక్క జారినా దొరికిపోతుంది. లాడ్ బజార్‌లో లక్కగాజులకు రాళ్ళు పొదిగే దోస్తు ఒకాయన ఇచ్చిన భూతద్దం కంటికి ఆనించి, ఆ చీటీని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాడు. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించాడు. లంచ్‌లో మైదా అంబలితో చీటీని ఒక రూళ్ళ బుక్కులో అతికించి, కింద ఆయన చెప్పింది రాసేదాన్ని. మేనేజరు దాని కింద సంతకం పెట్టేవాడు, తల ఎత్తకుండా, ఏముందో చదవకుండా, ఆకుపచ్చ సిరాతో తోక పొడుగ్గా లాగి.

మొదటిరోజే ఆయన భూతద్దం నా చేతికిచ్చి ఏం కనబడుతోందని అడిగాడు. అన్నీ మంచిగానే ఉన్నాయన్నాను. "ఇయ్యాల్టిది ఒక్కటే సూస్తే నీకు అన్నీ మంచిగనే కనవడ్తయి. నిన్నటి పక్కన వెట్టు" అన్నాడు. పెట్టి చూస్తే, ఎడమ పక్కన ఒక చుక్క వెంట్రుకవాసి కిందికి వాలి ఉంది. నా జీవితంలో నేను నేర్చుకున్న చదువంటూ ఏదైనా ఉంటే అదే. ఏడో తరగతి దాకా బడికి పోయింది లెక్కలోకి రాదు.

మంచివాడే కానీ మెత్తనివాడు కాదు. డబ్బా మూల వంకరగా మడిస్తే మొహమాటం లేకుండా మన ఒళ్ళోకే విసిరేవాడు. సిరా కడిగే మందు ఘాటుకి ఆయన వేళ్ళ చివర్లు పగిలిపోయి, పగుళ్ళలో నలుపు దిగిపోయి ఉండేది. అందుకని ఇంటి నుంచి చెంచా తెచ్చుకుని తినేవాడు. ఆ చెంచాతోనే నా టిఫిన్‌లో పప్పు తీసుకుని, ఉప్పు తక్కువని తిట్టి, మళ్ళీ తీసుకునేవాడు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఎడమ పక్క చుక్కలు వాలడం మొదలైంది. ఆరు రోజులు వరుసగా ఆయన చెప్పాడు, నేను రాశాను. "హెడ్ లోపల సిరా పేరుకుంటున్నది. మిషను ఆపి ఇంజినీరును పిలవాలె." ఆరు రోజులూ కింద ఆకుపచ్చ సంతకం పడింది. ఆరోరోజు మేస్త్రి ఆ బుక్కును తీసుకుని మేనేజరు గదిలోకే వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది, మాకందరికీ వినబడింది.

"అంకె కనబడుతోంది కదా మేస్త్రీ. నెలాఖరు, టార్గెట్ ఉంది. పోనివ్వు."

"ఇయ్యాల కనవడ్తది సార్. రేపు ఎనిమిది ఎనిమిది లెక్క ఉండది. పిల్లల మందు అది."

మేనేజరు వినలేదు. ఏడోరోజు పొద్దున మేస్త్రి మిషను స్విచ్ తానే ఆపేసి దాని ముందు నిలబడ్డాడు. కాస్త లొల్లి అయింది. ఆయనను గోడౌన్‌కి పంపేసి, వేరే మనిషిని పెట్టి మిషను నడిపించారు. మధ్యాహ్నానికల్లా ఎడమ పక్క చుక్కలు మొత్తం రాలిపోయాయి. ఎనిమిది మూడైంది. నేను ఒక డబ్బా అట్ట చించి బుక్కులో అతికించాను. కింద ఏమీ రాయలేదు, చెప్పేందుకు ఆయన లేడు.

సీసా మీద గడువు ఎనిమిదో నెల, డబ్బా మీద మూడో నెల. లారీ సరుకంతా వెనక్కి వచ్చింది. మందుల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. హెడ్ ఆఫీసు నుంచి ఎంక్వైరీ వేశారు. మిషను శుభ్రం చూసుకోని మేస్త్రిదే నిర్లక్ష్యమని మేనేజరు రాసిచ్చాడు.

ఎంక్వైరీకి ముందురోజు నన్ను గదిలోకి పిలిచాడు. "ఆ బుక్కు నీ దగ్గరుందట కదమ్మా. తెచ్చి నాకివ్వు. నీ పర్మనెంటు ఆర్డరు ఇదిగో, టేబుల్ మీదే ఉంది." నా దగ్గర లేదన్నాను. "లేకపోతే మరీ మంచిది. రేపు అక్కడా అదే చెప్పు" అన్నాడు. బుక్కును ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాచాను. మరునాడు, మేస్త్రి నా పక్కనే నిలబడి ఉండగా, అడిగిన ఆఫీసరుతో చెప్పాను.

"అసొంటి బుక్కు నేను సూడలే సార్."

ఆయనను తీసేశారు. నన్ను పర్మనెంటు చేశారు. ఆ ఉద్యోగమే ఈ రోజుకీ చేస్తున్నాను. మేనేజరును తిట్టే ముందు ఈ మాట నేనే చెప్పుకోవాలి.

మూడు నెలలదాకా ఆయనకు మొహం చూపించలేకపోయాను. ఆయన నయాపూల్‌లో కోర్టు గోడ పక్కన పరదా కట్టుకుని టైపు మిషన్లు బాగుచేస్తున్నాడని తెలిసి వెళ్ళాను. చేతిలో సూది, ముందు విప్పిన మిషను. అక్షరాల గుంటల్లో పేరుకున్న సిరాను సూదితో తోడుతున్నాడు. టైపు కొట్టిన కాగితం చూపిస్తే చాలు, ఏ అక్షరం మూసుకుపోయిందో, ఇంకెన్ని రోజుల్లో ఏది మూసుకుపోతుందో చెప్పేవాడట. నన్ను చూసి స్టూలు జరిపాడు. నేను నోరు తెరవకముందే అడిగాడు.

"ఎలుకలు కొట్టలేదు గదా?"

బుక్కు దాచానని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నా మొహం నిన్నటి పక్కన పెట్టుకుని చూశాడేమో. కొట్టలేదన్నాను. "అయితే ఉండనీ. పిల్లలు పెద్దగైనంక తెస్తవు" అన్నాడు. కాసేపు సూదితో గీరి, మళ్ళీ తనే అన్నాడు. "నేనైతే వాన్ని మాఫ్ జేయ. దేవుడు వాన్కి నూరేండ్ల ఉమ్రు ఇయ్యాలె. కండ్లు గూడ మంచిగ ఉంచాలె. ఆ బుక్కు సదవాలె గద మల్ల."

తరువాత ఎన్నిసార్లు వెళ్ళినా మొదటి మాట అదే. ఎలుకలు కొట్టలేదు గదా. నేను కొట్టలేదనేదాన్ని. చిన్నదాని పెళ్ళి కానీ అనుకున్నాను, అయింది. ఇంకొక్క ఏడాది అనుకున్నాను. ఆయన చాయ్ తాగుతూ ఒరిగిపోయాడు.

పదో దినం నాడు మేస్త్రి ఇంటికి మేనేజరు వచ్చాడు. పూలదండ తెచ్చాడు, ఫొటోకి వేశాడు, దండం పెట్టాడు. అక్కడితో ఆగితే నేనేమి చేసేదాన్నో తెలియదు. కుర్చీలో కూర్చుని, మేస్త్రి భార్యతో, "పనిమంతుడేనమ్మా. కాస్త నిర్లక్ష్యం లేకపోతే ఎక్కడో ఉండేవాడు" అన్నాడు. ఆమె తల వంచుకుంది. ఇన్నేళ్ళూ ఆమె అదే నమ్మింది కాబోలు. ఆయన ఇంట్లో కూడా నా పేరు బయటపెట్టలేదు.

లేచి ఇంటికి నడిచాను. పావుగంట దారి, భోజనాలకు ఇంకా టైముంది. బియ్యం అంతా చాప మీద గుమ్మరించి బుక్కు తీసి, దులిపి, తిరిగి వచ్చాను. ఫొటో ముందు పెట్టిన ఆయన సామానులోంచి భూతద్దం తీసుకున్నాను. ఆ ఆరు రోజుల పేజీలు తెరిచి, రెండూ మేనేజరు ఒడిలో పెట్టాను.

"సదువుండ్రి సార్. అందరికి ఇనవడేటట్టు."

ఆయన మొదటి పేజీ చూశాడు. సంతకం గుర్తుపట్టాడు. బుక్కు మూయబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ. మనిషే లేడు కదా" అన్నాడు.

"మీరున్నరు గద సార్."

విస్తళ్ళు వేస్తున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. ఆయన చదివాడు. ఒకటో రోజు, రెండో రోజు. హెడ్ లోపల సిరా పేరుకుంటున్నది, మిషను ఆపాలె. నాలుగోరోజుకి గొంతు ఎండింది. గ్లాసుతో నీళ్ళిచ్చి మళ్ళీ చదవమన్నాను. ఆరోరోజూ చదివించాను. కళ్ళు బాగానే కనబడుతున్నాయి ఆయనకు, దేవుడు అంతవరకు మేస్త్రి మాట విన్నాడు. నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పడానికి సిగ్గుపడను. ఆయన దండం పెట్టుకుంటూ చెప్పుల కోసం వెతుక్కోవడం కూడా నేను తొందర లేకుండా చూశాను.

ఆయన వెళ్ళాక మేస్త్రి భార్య బుక్కు ఒళ్ళోకి తీసుకుని ఏడోరోజు పేజీ మీద వేలు పెట్టింది. "దీని కింద ఏం రాయలేదేందమ్మా?" అని అడిగింది. నేనెవరో, ఆరోజు ఏమన్నానో చెప్పాను.  ఆమె బుక్కూ భూతద్దమూ నా చేతిలో పెట్టి, "అయితే రాయి" అంది.

మరునాడు సెలవు పెట్టి నయాపూల్ వెళ్ళాను. నాకు కబురు తెచ్చిన టైపు పెద్దమనిషే హెడ్ ఆఫీసుకు కాగితం కొట్టిపెట్టాడు. ఆరు రోజుల మాటలు, ఆరు సంతకాలు, చివర నేను ఎంక్వైరీలో ఆడిన అబద్ధం. "నౌకరి పోతదేమో చెల్లె, సోంచాయించుకో" అన్నాడు. కొట్టమన్నాను.

ఆయన కార్బన్లు పెట్టి, మేస్త్రి నేర్పిన అలవాటు ప్రకారం, ముందు ఒక చిత్తు చీటీ మీద వరుసగా ఎనిమిదులు కొట్టి నాకిచ్చాడు. పోయే ముందువారం మేస్త్రి సూదితో గీరి ఇచ్చిన మిషను అది. చీటీని బుక్కులో ఏడోరోజు మూడు పక్కన పెట్టి, భూతద్దం ఆనించి చూశాను. ప్రతి ఎనిమిదికీ రెండు గుంటలూ తెరుచుకునే ఉన్నాయి, ఒక్కదానిలో కూడా సిరా లేదు.